నా మీద నేనే పెట్టుకున్న అర్జీ

ఈ మధ్య ఒక సోమవారం అమలాపురం వెళ్ళి, కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోట వరుసలో నిలబడి, నా మీద నేనే ఒక అర్జీ పెట్టుకొని వచ్చాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ వైపు చూస్తూ, "ఎవరి మీదండీ ఫిర్యాదు?" అని అడిగింది. "నా మీదేనమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "మీ వెంట ఎవరైనా వచ్చారా అండి?" అంది. మతి చలించిన ముసలావిడ తప్పిపోయి వచ్చిందనుకుంది కాబోలు. ఆమెననాల్సిన పనిలేదు. రిటైరై, పింఛను తీసుకుంటూ, రాజమండ్రిలో హాయిగా కూర్చున్న మనిషి తన తప్పు తానే రాసి ఇవ్వడం ఏంటని నా పాత ఆఫీసులో కూడా నవ్వుకున్నారట. వాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే ఓపిక లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

నేను అంగన్‌వాడీ కేంద్రాల మీద సూపర్‌వైజరుగా పనిచేశాను. గుడ్లు సరిగ్గా వచ్చాయా, పిల్లల బరువు తూచారా, రిజిస్టరు రాశారా అని చూడడం మా రోజువారీ పని. దానితో పాటు ప్రభుత్వం ఏ కొత్త సాయం ప్రకటించినా ఊళ్ళో విచారణ మా నెత్తినే పడేది. ఒంటరి తల్లుల పిల్లల చదువుకు నెలనెలా సాయం ఇచ్చే పథకం అలా వచ్చిందే. దరఖాస్తు తీసుకోవడం, ఇంటికి వెళ్ళి చూడడం, ఇరుగుపొరుగును అడగడం, నివేదిక రాసి పైకి పంపడం మా బాధ్యత.

పనిలో నేను చాలా చురుకని పేరు. మా ఆఫీసులో నన్ను చాటున "తత్కాల్ మేడం" అనేవారు. ఆ మాట నా చెవిన పడినప్పుడు కోపం నటించాను గానీ లోపల మురిసిపోయాను. మిగతా వాళ్ళు వారం తీసుకునే పని నేను రెండు రోజుల్లో ముగించేదాన్ని. ఎలా ముగించేదాన్నో ఇప్పుడు చెప్తాను.

మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంట్ ఉండేవాడు. మనిషి సరదా అయినవాడు, ఎవరికీ కీడు తలపెట్టడు. ఆయన దగ్గర ఒక పెన్‌డ్రైవ్ ఉండేది. అందులో ప్రతి పథకానికీ ఒక నమూనా నివేదిక ఉండేది. వితంతువుకు ఒకటి, విడాకులైన ఆమెకు ఒకటి, భర్త వదిలేసిన ఆమెకు ఒకటి. ఎవరో ఎప్పుడో ఒక కేసుకు రాసినదాన్ని, పైవాళ్ళు కొర్రీ వేయకుండా మంజూరు చేశారు కనక, అదే మంచి నివేదిక అని దాచారు. పేరు, ఊరు, పిల్లల వివరాలు మారిస్తే చాలు. "మేడం, మీరు కథలు రాయకండి. కథ మన పెన్‌డ్రైవ్‌లో ఉంది. మీరు పాత్రల పేర్లు వెయ్యండి చాలు" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. అందరం అలాగే చేసేవాళ్ళం.

ఆమె దరఖాస్తు వచ్చింది ఆ రోజుల్లోనే. సముద్రం ఒడ్డున ఒక ఊరు, ముమ్మిడివరంలో బస్సు దిగి ఆటోలో చాలా దూరం వెళ్ళాలి. చేపలమ్ముకునే మనిషి. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. ఇద్దరు పిల్లలు, పెద్దది ఆడపిల్ల. ఇంట్లో అత్తగారు. భర్త అంతకు ముందు ఏడాది వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఇద్దరు వెళ్ళిన చిన్న పడవ అది. రెండోవాడి శవం మూడో రోజున ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఇతనిది రాలేదు. పైగా ఆ పూట వెళ్ళాల్సినవాడు ఇతను కాదు. మామూలుగా వెళ్ళేవాడికి జ్వరం వస్తే అతని బదులు ఎక్కాడు. పడవ యజమాని తన మీదకు ఏమైనా వస్తుందేమోనని, "అతనెక్కినట్టు నాకు తెలీదండి" అని పోలీసులకు చెప్పాడు. జ్వరం వచ్చినవాడు అసలు ఊరే వదిలి పనికి పోయాడు. కాగితాల ప్రకారం భర్త కనిపించని మనిషి, అంతే.

మా దరఖాస్తులో మూడు గళ్ళుండేవి. భర్త మరణించిన, విడాకులు పొందిన, భర్త వదిలివేసిన. ఈమె మూడింటిలోనూ ఇమడదు. మరణ ధ్రువపత్రం రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఊళ్ళో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. శవం ఒడ్డుకు రాని మనిషి భార్యకు వెంటనే బొట్టు తీయరు. ఊరి పెద్దలు కూర్చొని, ఇక లేడు అని మాట చెప్పేదాకా ఆమె ముత్తైదువే. ఆమె ఎర్రటి బొట్టుతో, చేతినిండా గాజులతో నా ఎదురుగా నిలబడింది.

నాతో వచ్చిన అంగన్‌వాడీ టీచరు ఆ ఊరి మనిషే. నన్ను పక్కకు పిలిచి, "మేడం గారూ, వదిలేసిన గడిలో వేసెయ్యండి. పిల్లదాన్ని బడి మానిపించి రొయ్యల షెడ్డుకి పంపుతానంటంది. వచ్చే నెల నుంచే" అంది. అది విని నాకు నిజంగా జాలి కలిగింది. ఆ జాలి అబద్ధం కాదు, ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను.

ఆమెతో చెప్పాను. "చూడమ్మా, భర్త వదిలేశాడని రాస్తే పనైపోతుంది."

"వదిలెయ్యలేదండి. ఏటకెల్లాడండి."

"తెలుసు. కాగితం కోసం అంటున్నాను."

"కాగితం మీదైనా వదిలెయ్యలేదు కదండీ, మేడం గారూ." గొంతు పెంచలేదు. "ఆ రోజు పొద్దున్న పిల్లకి జడేసి మరీ ఎల్లాడండి. అలాంటోడు వదిలేశాడని ఎలాగ చెప్పమంటారు?"

నాకు చిరాకేసింది. ఎండలో అంత దూరం వచ్చి, దారి చూపిస్తుంటే ఈవిడకు పట్టుదల ఏంటి అనుకున్నాను. గడువు రెండు రోజులుంది, ఇంకా ఆరు ఇళ్ళు చూడాలి. "సరేలే, నేను చూసుకుంటాను" అన్నాను. ఆమెను నువ్వు అనే పిలిచాను మొదటి నుంచీ. ఆమె నన్ను మేడం గారూ అంది. అప్పుడది నాకు తప్పనిపించలేదు.

ఆఫీసుకు వచ్చి పెన్‌డ్రైవ్ అడిగాను. వదిలేసిన ఆమె నమూనా తీసి పేర్లు మార్చాను. పది నిమిషాల పని. పూర్తిగా చదివానా అంటే చదవలేదు. అంతకు ముందు ఎన్నోసార్లు వాడినదే కదా. మర్నాడు ఆమె అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చింది. కాగితం పై భాగం మడిచి పట్టుకొని, "మీ వివరాలేనమ్మా, ఇక్కడ సంతకం పెట్టు" అని కింది గీత చూపించాను. అయిదో తరగతి దాకా చదువుకుంది. కూడబలుక్కుని చదవగలదు. చదవడానికి ఆమెకు సమయం ఇవ్వలేదు, ఇవ్వకూడదనే ఇవ్వలేదు. ఒక్కో అక్షరం దిద్దినట్టు తన పేరు రాసింది.

సాయం మంజూరైంది. ఆడపిల్ల బడి మానలేదు. ఆరేడు నెలల తరవాత బస్టాండులో ఎదురుపడి, ఆమె నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. ఎండు మెత్తళ్ళు. వద్దంటే వినలేదు. "మీ వల్లే కదండీ, మా పిల్ల చదూతంది" అంది. ఇంటికి తీసుకెళ్ళి వంకాయలో వేసి వండాను. మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు. ఒక మనిషిని నిలబెట్టానని మా ఆయనకు గొప్పగా చెప్పాను.

ఆ తరవాత రెండేళ్ళకు, వేటకు వెళ్ళి కనిపించకుండా పోయినవాళ్ళ కుటుంబాలకు కూడా విచారణ చేసి పరిహారం ఇవ్వొచ్చని ప్రభుత్వం చెప్పింది. ఆమె అర్జీ పెట్టుకుంది. ఆ పడవలో అతను ఉన్నాడని నమ్మకం కలిగితే చాలు. అత్తగారు, ఆమె, ఊళ్ళో ఒకరిద్దరు ముసలివాళ్ళు సాక్ష్యం చెప్పడానికి సిద్ధమయ్యారు. అది వస్తే కూలిపోతున్న గోడ కట్టుకోవచ్చు, పిల్లలను కాలేజీ దాకా చదివించవచ్చు. అన్నిటికంటే ముందు, అతను వేటలోనే పోయాడని ప్రభుత్వం రాసి ఇచ్చినట్టవుతుంది. ఊరి పెద్దలు కూడా ఆ కాగితం కోసమే ఆగారు.

విచారణకు మా ఆఫీసు ఫైలు కూడా రప్పించారు. ఆ కుటుంబం అప్పటికే ఒక ప్రభుత్వ సాయం తీసుకుంటోంది కనక ఆ వివరాలు చూడడం పద్ధతి. ఫైలుతో పాటు నన్నూ రమ్మన్నారు. సీనియర్ అసిస్టెంట్ నాతో వచ్చాడు. నాకు రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలుంది.

తహసీల్దారు ఆఫీసులో ఒక గదిలో కూర్చున్నాం. విచారణ అధికారి వయసులో చిన్నవాడు, ఓపికగా వింటున్నాడు. ఒక పక్క పడవ యజమాని, ఇంకో పక్క ఆమె, ఆమె అత్తగారు. అత్తగారికి వినికిడి తక్కువ. అధికారి మా ఫైలు తెరిచి నా నివేదిక పైకి చదివాడు. "సదరు మహిళను, ఆమె పిల్లలను భర్త విడిచిపెట్టి, వేరే స్త్రీతో వెళ్ళిపోయి, వేరొక చోట కాపురం ఉంటున్నట్లు స్థానిక విచారణలో నిర్ధారణ అయినది."

వేరే స్త్రీతో. ఆ మాటలు నమూనాలో ఉన్నాయని నాకు ఆ క్షణం దాకా గుర్తు లేదు. ఎవరో ఏనాడో ఇంకెవరి మొగుడి గురించో రాసిన మాట. దాన్ని తీసుకొచ్చి, కూతురికి జడ వేసి వేటకు వెళ్ళిన మనిషికి అంటగట్టాను.

అత్తగారు కోడలి చెయ్యి లాగి, "ఏటన్నారే? ఏటన్నారు?" అని అడుగుతోంది. పడవ యజమానే ఆమె చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పాడు. "మీవోడు సముద్రంలో పోలేదంట అత్తా. ఎవర్తినో తీసుకుని ఎల్లిపోయాడంట. గవర్నమెంటోళ్ళు ఎంక్వైరీ చేసి రాశారు."

అధికారి ఆమెకు కాగితం చూపించి, "ఇది మీ సంతకమేనా అమ్మా?" అన్నాడు.

"నాదేనండి."

"చదివే పెట్టారా?"

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను ఏదో చెప్తానని, చెప్పేదాకా ఆగుదామని చూసినట్టు చూసింది. నేను నా చేతిసంచి జిప్పు సరిచేసుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆమే అంది. "చదువుకున్నోళ్ళు రాశారు కదండీ. నేను చదవక్కర్లేదనుకున్నానండి."

అధికారి నా వైపు తిరిగాడు. "మేడం, మీరు స్వయంగా విచారించి రాసిందేనా ఇది?"

చెప్పాల్సింది ఒక్క మాట. కాదండీ, అది నమూనా, నేను చూసుకోలేదు. అంతే. నా బుర్రలో మాత్రం ఛార్జి మెమో, ఆగిపోయిన పింఛను, తప్పుడు నివేదిక రాసిందని పేపర్లో పేరు గిర్రున తిరిగాయి. పక్కన సీనియర్ అసిస్టెంట్ బల్ల కింద నా కాలు తొక్కాడు.

"స్థానికంగా విచారించానండి" అన్నాను.

తేలు కుట్టిన దొంగ అంటారే, ఆ రోజు నేనే ఆ దొంగను. ఆమె అత్తగారిని చెయ్యి పట్టుకుని లేవదీసి, నన్ను దాటుకుంటూ బయటికి నడిచింది. బస్సులో సీనియర్ అసిస్టెంట్, "మంచి పని చేశారు మేడం. నిజం ఒప్పుకుంటే ఆ పిల్లలకి వచ్చే సాయం కూడా ఆగిపోయేది" అన్నాడు. ఆ సాకు నాకు భలే నచ్చింది. చాలా రోజులు అదే చెప్పుకున్నాను. కానీ గదిలో నోరు నొక్కుకున్నప్పుడు పిల్లలు నాకు గుర్తే లేరు. ఇంకెవరు నమ్మినా ఆ మాట నేను నమ్మకూడదు.

ఆమె అర్జీ తిరస్కరించారు. నాలుగు నెలలకు నాకు శాలువా కప్పి, దండ వేసి, ఉద్యోగంలో ఒక్క మచ్చ లేని మనిషి అని మైకులో చెప్పారు. నేను రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను.

రిటైరయ్యాక రాజమండ్రి వచ్చేశాం. పొద్దున గోదావరి గట్టు మీద నడక, సాయంత్రం టీవీ. ఒక ఏడాది అలా గడిచింది. ఒకరోజు ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు ఫోను చేసింది. ముందు అదీ ఇదీ మాట్లాడి, తరవాత అసలు సంగతి చెప్పింది. "మేడం గారూ, ఆ ముసలామె రోజూ సెంటరుకి వచ్చి మీ గురించి అడుగుతందండి. మిమ్మల్ని ఒక్కసారి చూడాలంట." శపించడానికనుకున్నాను. శపిస్తే శపించింది, ఒక రకంగా నాకు అదే కావాలనిపించింది. వెళ్ళాను.

పదకొండు గంటల వేళ. కోడలు అప్పుడే చేపల బేసిను దించి చేతులు కడుక్కుంటోంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. తరవాత లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. నుదుట బొట్టు అలాగే ఉంది. మీ అత్తగారు రమ్మన్నారట అన్నాను. "ఆయ్" అని తలూపింది.

ముసలామె గోడ పట్టుకుని వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. కుర్చీలో కూర్చోమంటే వినలేదు. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె మొహంలో కోపం లేదు సరికదా, చుట్టం వచ్చినంత సంతోషం ఉంది.

"అమ్మగోరూ, మావోడు ఏ ఊళ్ళో ఉన్నాడండి?"

నాకు అర్థం కాలేదు.

"మీరే కదండీ ఎంక్వైరీ చేసింది. ఇదేమో పోయాడు పోయాడంటది. నాకు ముందు నించీ నమ్మకవేనండి. గవర్నమెంటోళ్ళు తెలుసుకోకుండా రాస్తారేటండి?" నా చెయ్యి నిమురుతూ గొంతు తగ్గించింది. "రమ్మని అడగనండి. సిగ్గుపడతాడు. ఆవిడ మంచిదేనా అండి? వేళకి ఒండి పెడతందా?"

కోడలు అటు తిరిగి బేసిను కడుగుతోంది. నాకు కళ్ళ నీళ్ళు వచ్చేశాయి. ఆమె చెవి దగ్గరికి వంగి అంతా చెప్పాను. అమ్మా, నేను ఎవరినీ అడగలేదు, ఏ ఊళ్ళోనూ చూడలేదు, వేరే వాళ్ళ కోసం రాసిన మాట మీ అబ్బాయి పేరు కింద పెట్టేశాను, అది అబద్ధం, మీ అబ్బాయి ఏ ఆడమనిషితోనూ వెళ్ళలేదు. వినబడలేదేమోనని ఇంకోసారి గట్టిగా చెప్పాను. వినబడింది. నా చెయ్యి వదిలేసింది. గోడ పట్టుకుని లేచి, అలాగే తడుముకుంటూ లోపలికి వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను లేచాను. నిజం చెప్పేశానన్న తేలిక కొంచెం కలిగింది, దాచుకోను. కోడలు ఆటో ఎక్కే చోటు దాకా నాతో నడిచి వచ్చింది. అక్కడ ఆగి, అప్పుడు నోరు విప్పింది.

"ఆమెకి ఎందుకు చెప్పారండి?"

"నిజం కదమ్మా" అన్నాను.

"నిజవేనండి. ఆ రోజు ఆఫీసరు గారు అడిగినప్పుడు చెప్పుంటే, అది మా పిల్లలకి పనికొచ్చేది. వాళ్ళ నాన్న ఎవర్తోనో పోయాడని బడిలో అనిపించుకునేవోరు కాదు. అక్కడ చెప్పలేదు మీరు." ఆటో వస్తోందేమో చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "మీ అబద్ధం వల్ల నా కొంపలో బాగుపడింది ఆ ముసలిదొక్కతేనండి. ఏడాది నించీ అన్నం తింటంది. ఇయ్యాళ వచ్చి, అది కూడా పట్టుకెళ్ళిపోతన్నారు."